మానేసిందా, మాన్పించామా

మా రిజిస్టర్‌లో ఆఖరి కాలమ్ పేరు రిమార్క్స్. భీమవరం చుట్టుపక్కల ఒక రొయ్యల ప్లాంట్‌లో మూడున్నరేళ్ళు టైమ్ ఆఫీసులో చేశాను, ఏ ప్లాంటో అడక్కండి చెప్పను, ఆ మూడున్నరేళ్ళలో ఆ కాలమ్‌లో నా చేత్తో ఎక్కువసార్లు రాసిన మాట ఒకటే, మానేసింది. పెళ్ళి కుదిరి వెళ్ళిపోయినా మానేసింది, ఐసు నీళ్ళలో వేళ్ళు పాసిపోయి ఇంక నావల్ల కాదన్నా మానేసింది, కాంట్రాక్టరుకి ఎదురు చెప్పిందని రేపట్నించి బస్సెక్కొద్దన్నా మానేసిందే. రాయడానికి రెండు సెకన్లు పట్టదు. పైగా ఎవడూ చదవడు.

2024 వర్షాకాలంలో ఒకావిడ పేరు ఎదురుగా కూడా అదే రాశాను. 11 రోజులు పనిచేసింది. ఆవిడ ట్రాన్స్‌జెండర్. పేరు ఇక్కడ రాయను, ఆవిడని అడక్కుండా రాసే హక్కు నాకు లేదు.

ఎలా వచ్చిందో చెప్తాను. మా వైపు పీలింగ్ పనికి వెళ్ళే ఆడవాళ్ళని కాంట్రాక్టర్లు బస్సుల్లో తీసుకెళ్తారు, తెల్లారి 5 గంటలకి లాకుల దగ్గరో రావిచెట్టు కిందో నిలబడితే బస్సు వస్తుంది, ఒక చేతిలో క్యారేజీ ఒక చేతిలో నీళ్ళ సీసా, చీర మీద పాత చొక్కా, ఇంకా పూర్తిగా లేవని మొహాలు. ఆవిడ వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ "నాతో రా, చేతి పనే కదా" అని తీసుకొచ్చింది. ఆధార్ కార్డు ఇచ్చింది, కార్డులో జెండర్ దగ్గర ట్రాన్స్‌జెండర్ అనే ఉంది, నా ఎక్సెల్ షీట్‌లో మాత్రం ఎం, ఎఫ్ రెండే ఉన్నాయి. నేను ఎఫ్ కొట్టాను. గొప్ప ఆలోచన ఏం చేసి కాదు, వచ్చింది ఆడవాళ్ళ బస్సులో కదా అని కొట్టాను అంతే.

పీలింగ్ హాల్‌లో ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టం. నీలం ఏప్రాన్, గంబూట్లు, జుట్టంతా లోపలికి దోపిన క్యాపు, మాస్కు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. స్టీలు టేబుల్ మీద ఐసూ రొయ్యలూ కలిపి కుమ్మరిస్తారు, తలకాయ తీయాలి, పొట్టు ఒలవాలి, వీపు మీద నల్ల నరం లాగాలి, తోక విరక్కూడదు. క్లోరిన్ వాసన ముక్కులోంచి ఇంటికెళ్ళినా పోదు. ఆ గెటప్‌లో మొదటి రెండు రోజులు ఆవిడ సంగతి ఎవరికీ పట్టలేదు. మూడో రోజు సూపర్‌వైజర్ ఏదో అడిగితే సమాధానం చెప్పింది, గొంతు విన్నాడు. అంతే, సాయంత్రానికి ప్లాంటంతా తెలిసిపోయింది.

ఇక అక్కణ్ణించి రోజుకో కంప్లయింటు. బస్సులో పక్కన కూర్చోవడానికి ఇద్దరు ముగ్గురు ఇబ్బంది పడుతున్నారంట. బాత్రూమ్ దగ్గర క్యూలో నిలబడితే వెనక్కి వెళ్ళిపోతున్నారంట. బట్టలు మార్చుకునే రూమ్‌లోకి వస్తే వీళ్ళు బయటికి వస్తున్నారంట. ఇవన్నీ నా దగ్గరకి "అంట"తోనే వచ్చాయి, ఎవరూ నేరుగా వచ్చి చెప్పలేదు. పట్టుకొచ్చిన పెద్దావిడ మాత్రం ఒకరోజు గేటు దగ్గర నన్ను ఆపి, "ఏవండీ, ఆ పిల్ల నాకన్నా జోరుగా ఒలుస్తందండి, కావాలంటే కాటా చూసుకోండి, మరి ఈళ్ళకేటండి బాధ?" అంది. నేను కాటా చీటీలు చూశాను కూడా. నిజమే చెప్పింది.

పదకొండో రోజు కాంట్రాక్టరు ఫోన్ చేసి, రేపట్నించి రావద్దని చెప్పెయ్ అన్నాడు. చెప్పింది నేనే. ఇది దాచుకుని ఈ వ్యాసం రాస్తే అబద్ధం అవుతుంది కాబట్టి చెప్తున్నా. గేటు బయట, బస్సు స్టార్టయ్యే ముందు.

"పని బాలేదా అన్నయ్యా?"

"పని బాగానే ఉందమ్మా."

"మరి?"

"పైనుంచి ఆర్డరు."

"పైనుంచంటే, దేవుడా?" అని నవ్వింది. ఏప్రాన్ తిరిగిచ్చేసింది, మడతపెట్టి ఇచ్చింది. ఆ ఏప్రాన్లు ఎవరూ మడతపెట్టరు, అక్కడ మూలన పడేస్తారు.

నేను ఆఫీసులోకి వెళ్ళి "మానేసింది" అని రాశాను.

తెలుగులో ఉన్న సుఖం చూడండి. మానేసింది అంటే ఆవిడ ఇష్టం. మాన్పించాం అంటే మేం చేసిన పని. మధ్యలో ఉన్నది రెండు అక్షరాలు, ఆ రెండు అక్షరాల్లోనే చట్టం మొత్తం మునిగిపోతుంది. నా వాదన అంతా ఇంతే, మిగతాదంతా దీనికి ఆధారాలు.

చట్టం లేక కాదు. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు నాల్సా కేసులో, అంటే జాతీయ న్యాయ సేవల సంస్థ వేసిన కేసులో, తీర్పు ఇచ్చింది, ఎవరి జెండర్ ఏంటో వాళ్ళే చెప్పుకోవచ్చు అని, వీళ్ళని వెనకబడిన వర్గాలుగా చూసి చదువులోనూ ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ రిజర్వేషన్ ఇవ్వమని. తర్వాత 2019లో పార్లమెంటు ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం చేసింది, 2020 జనవరి 10 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 9 ఉంది, ఉద్యోగంలోకి తీసుకోవడంలో గానీ ప్రమోషన్‌లో గానీ ఉద్యోగానికి సంబంధించిన ఇంకే విషయంలో గానీ ఏ సంస్థా వివక్ష చూపకూడదని. సెక్షన్ 11 ప్రకారం ప్రతి సంస్థలో ఒక కంప్లయింట్ ఆఫీసర్ ఉండాలి. 2020లో వచ్చిన రూల్స్‌లో అయితే 15 రోజుల్లో ఎంక్వయిరీ చెయ్యాలి, రిపోర్టు వచ్చాక ఇంకో 15 రోజుల్లోపు యజమాని చర్య తీసుకోవాలి అని లెక్కలు కూడా ఉన్నాయి. సంస్థ అంటే కంపెనీలే కాదు, ఫర్మ్, సొసైటీ, ఏజెన్సీ అన్నీ వస్తాయి, అంటే మా కాంట్రాక్టరు "నేను కంపెనీ కాదుగా" అని తప్పించుకోడానికి కూడా లేదు.

మా ప్లాంట్‌లో కంప్లయింట్ ఆఫీసర్ ఎవరు? నాకు తెలీదు. టైమ్ ఆఫీసులో కూర్చున్న నాకే తెలీకపోతే ఐసు టేబుల్ దగ్గర నిలబడ్డ మనిషికి ఏం తెలుస్తుంది. కానీ గోడ మీద ఒక లామినేట్ చేసిన కాగితం మాత్రం ఉండేది, ఫారిన్ బయ్యర్ల తరఫున ఆడిటర్లు వస్తారు కదా వాళ్ళ కోసం, ఈ సంస్థలో కులం మతం జెండర్ ఆధారంగా వివక్ష లేదు అని, మొత్తం ఇంగ్లీషులో. ఆడిట్ ముందు రోజు దాన్ని తడిగుడ్డతో తుడిచేవాళ్ళం. నేనే తుడిచేవాణ్ణి ఒక్కోసారి.

నరసాపురం కోర్టులో ప్రాక్టీస్ చేసే నా స్నేహితుణ్ణి అడిగాను, ఒరేయ్ సెక్షన్ 9 దాటితే శిక్ష ఏంటి అని. వాడు సెక్షన్ 18 తీసి చదివి వినిపించాడు. వెట్టిచాకిరీ చేయిస్తే, పబ్లిక్ ప్లేసులోకి రానివ్వకపోతే, ఇంట్లోంచో ఊళ్ళోంచో వెళ్ళగొడితే, శారీరకంగా లైంగికంగా మాటలతో ఆర్థికంగా హింస పెడితే 6 నెలల నుంచి 2 ఏళ్ళు. ఉద్యోగం ఇవ్వకపోతే అనే మాట విడిగా లేదు. ఆర్థికంగా అన్న మాట పట్టుకుని లాగొచ్చేమో గానీ చాలా లాగాలిరా అన్నాడు. ఇంకోటి చెప్పాడు, అది విన్నాక నాకు కొంచెంసేపు మాట రాలేదు. ఆడమనిషి మీద అత్యాచారం జరిగితే కనీస శిక్షే 10 ఏళ్ళు, అదే ట్రాన్స్ మనిషి మీద లైంగిక హింస జరిగితే ఈ చట్టంలో గరిష్ఠంగా 2 ఏళ్ళు.

సరే ఉద్యోగం దగ్గరకొద్దాం. చట్టం పనిచెయ్యాలంటే ముందు "ఇందుకే తీసేశారు" అని తేలాలి కదా. అమెరికాలో ఒకావిడ విషయంలో అది ఎలా తేలిందో చదివాను. ఎయిమీ స్టీఫెన్స్ అని మిషిగన్ రాష్ట్రంలో ఒక ఫ్యునరల్ హోమ్‌లో, అంటే శవాల్ని అలంకరించి అంత్యక్రియలకి సిద్ధం చేసే చోట, పనిచేసేవారు. 2013 జులై ఆఖర్లో యజమానికి ఉత్తరం రాశారు, ఇకనుంచి ఆడమనిషిగా ఆఫీసుకి వస్తాను అని. రెండు వారాల్లో తీసేశారు. కేసు వేస్తే ఆ యజమాని ప్రమాణం చేసి చెప్పిన వాంగ్మూలంలో కారణం ఒప్పేసుకున్నాడు, మగమనిషిగా రానన్నందుకే తీసేశాను అని. తప్పు చేశానన్న ఆలోచనే లేదు కాబట్టి దాచుకోలేదు. ఏడేళ్ళు నడిచింది కేసు. 2020 జూన్ 15న వాళ్ళ సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో, 1964 నాటి పౌరహక్కుల చట్టంలో ఉన్న "సెక్స్" అన్న మాటలోనే ఇది కూడా వస్తుంది అని తీర్పిచ్చింది. ఎయిమీ ఆ తీర్పు వినలేదు. నెల రోజుల ముందు, మే 12న చనిపోయారు.

ఆ కేసంతా ఎక్కడ నిలబడింది? యజమాని కారణం నోటితో చెప్పడం దగ్గర. మా కాంట్రాక్టరు అంత అమాయకుడు కాదు. వాడు ఫోన్లో చెప్తాడు, నేను గేటు దగ్గర చెప్తాను, రిజిస్టర్ మాత్రం మానేసింది అంటుంది. రేపు ఏ జడ్జి గారైనా రిజిస్టర్ తెప్పించుకుంటే అందులో నా చేతిరాత ఆవిడకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్తుంది. వివక్ష చేసింది వాళ్ళు, దాన్ని తుడిచేసింది నేను.

అమెరికా సంగతి ఎత్తాను కాబట్టి ఇంకో ముక్క. మా వాట్సాప్ గ్రూపులో న్యూజెర్సీలో ఉండే బాబాయి ఒకాయన ఉన్నారు, ఈ టాపిక్ వస్తే చాలు "ముందు మామూలోళ్ళకి ఉద్యోగాలు రానివ్వండిరా, తర్వాత వీళ్ళ సంగతి" అంటారు. ఈ తర్వాత అన్న మాటకి అక్కడే పెద్ద చరిత్ర ఉంది, ఆయనకి తెలుసో లేదో. గే, లెస్బియన్ ఉద్యోగుల్ని తీసెయ్యకుండా కాపాడే బిల్లు ఒకటి 1994 నుంచి అమెరికా కాంగ్రెస్‌లో తిరుగుతూ ఉంది. 2007లో అది గట్టెక్కేలా కనపడింది, అప్పుడు ఓట్లు చాలవని ట్రాన్స్‌జెండర్లని అందులోంచి తీసేశారు. తీసిందీ శత్రువులు కాదు, బిల్లు పెట్టిన బార్నీ ఫ్రాంక్ గారే, ఆయన స్వయంగా గే. ముందు ఇది పాస్ కానిద్దాం, మిగతావాళ్ళది తర్వాత చూద్దాం అన్న లెక్క. వందల సంఘాలు వద్దు మొర్రో అన్నాయి. నవంబరు 7న ప్రతినిధుల సభలో 235-184 ఓట్లతో పాసయింది. ఆ తర్వాత? చట్టం అవ్వనే లేదు. 2013లో ట్రాన్స్‌జెండర్లని మళ్ళీ చేర్చి పెడితే సెనేట్‌లో 64-32తో పాసయింది, అదీ ఇంకో సభలో ఆగిపోయింది. చివరికి 2020లో ఆ హక్కు వచ్చింది కోర్టులోంచి, ఒకే తీర్పులో, ఇద్దరు గే ఉద్యోగుల కేసులూ ఎయిమీ కేసూ కలిపి. వీళ్ళని దింపేస్తే బండి తేలికై ముందుకెళ్తుందనుకున్నారు, దింపేసినా వెళ్ళలేదు.

అక్కడ ఇప్పుడు మళ్ళీ గాలి తిరిగింది, 2025లో ట్రంప్ వచ్చాక ఆ వివక్ష కేసులు వెయ్యాల్సిన ప్రభుత్వ కమిషనే తాను వేసిన ట్రాన్స్‌జెండర్ కేసుల్ని వెనక్కి తీసుకోవడం మొదలెట్టింది. తీర్పు అలాగే ఉంది, దాన్ని పట్టుకుని నిలబడే చెయ్యి లేదు. మనకి ఆ చెయ్యి ఎప్పుడూ లేదు కాబట్టి తేడా తెలీదు.

మా బస్సులో జరిగింది కూడా ఈ "తర్వాత" కథే. నేను మేనేజర్‌తో ఒక్కసారి, ఒక్కసారే, నోరు తెరిచి అడిగాను. సార్ పనిమంతురాలే కదా అని. ఆయన చెడ్డ మనిషేం కాదు. "మన దగ్గర ఆడవాళ్ళ బాత్రూమ్‌లే సరిగ్గా లేవు, ముందు వీళ్ళ సంగతి చూసి తర్వాత వాళ్ళ సంగతి చూద్దాం" అన్నారు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. నిజంగా బాత్రూమ్‌లు సరిగ్గా లేవు, ఉన్నవాటిలో ఒకదానికి ఎప్పుడూ తాళం ఉండేది, ఆడిటర్ల కోసం. ఆవిడ వెళ్ళిపోయాక ఏమైనా ఆడవాళ్ళ బాత్రూమ్ బాగుపడిందా? నేనున్నంత వరకు ఆ తాళం తియ్యలేదు. ఒక మనిషిని బయటికి పంపించడానికి ఆడవాళ్ళ బాత్రూమ్ గుర్తొస్తుంది, ఆడవాళ్ళ కోసం గుర్తు రాదు.

ఆడవాళ్ళ ఇబ్బంది అబద్ధం అని నేను అనను. నరసాపురం అవతలి ఊళ్ళోంచి చీకట్లో బయల్దేరి వచ్చే మనిషికి రోజంతా భయాలే, బస్సు డ్రైవరు భయం, సూపర్‌వైజర్ చూపు భయం, ఇంటి దగ్గర మొగుడి అనుమానం. ఒకమ్మాయి చెప్పింది కూడా, "నాకేం లేదండి, మాయాయనకి తెలిస్తే పని మాన్పించేత్తాడండి" అని. చూశారా, ఆ పిల్ల మాత్రం సరైన మాట వాడింది. ఆవిడ భయం కొత్తగా వచ్చిన మనిషి గురించి కాదు, పాత మనుషుల గురించి. దానికి పరిష్కారం తలుపుకి గడియ పెట్టడం, బస్సులో ఒక పెద్దమ్మకి బాధ్యత అప్పజెప్పడం, కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడటం. ఖర్చు గడియకి ఎంతవుతుంది. కొత్త లేబర్ కోడ్స్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి కదా, అందులో పని ప్రదేశాల భద్రత కోడ్‌లో మగ, ఆడ, ట్రాన్స్‌జెండర్ ఉద్యోగులకి స్నానాల గదులు, లాకర్ రూములు ఉండాలని మూడు పేర్లూ పెట్టి రాశారు. రాసేవాళ్ళకి తట్టింది, కట్టేవాళ్ళకి ఎప్పుడు తడుతుందో.

ఒక్క ఉద్యోగం ఇచ్చేస్తే అయిపోదు, అదీ చెప్పాలి. 2017లో కొచ్చి మెట్రో 23 మంది ట్రాన్స్‌జెండర్లని తీసుకుంది, దేశమంతా చప్పట్లు కొట్టింది, నెల తిరక్కుండా 8 మంది మానేశారు. ఇక్కడ మాత్రం మానేశారు అన్న మాట సరిపోతుందా? జీతం ఇచ్చారు, అద్దెకి ఇల్లు మాత్రం ఆ ఊళ్ళో ఎవరూ ఇవ్వలేదు. లాడ్జీల్లో ఉంటే జీతమంతా అద్దెకే పోతోంది. మెట్రోవాళ్ళు మాన్పించలేదు నిజమే, ఇళ్ళవాళ్ళు మాన్పించారు. మన భీమవరంలోనో అమలాపురంలోనో అయితే రూమ్ ఇస్తారా అని నన్ను నేను అడుక్కున్నాను, మా పెద్దమ్మ వాళ్ళ పై పోర్షన్ ఆర్నెల్లు ఖాళీగా ఉంది, ఆవిడ నాన్‌వెజ్ వండేవాళ్ళకే ఇవ్వదు.

మనవాళ్ళది విచిత్రమైన వ్యవహారం. ద్వేషం అందామంటే కాదు. కొత్త షాపు ఓపెనింగ్‌కి హిజ్రాలు వస్తే డబ్బులిచ్చి దిష్టి తీయించుకుంటారు, వాళ్ళు దీవించి తిరిగిచ్చిన రూపాయి బిళ్ళని గల్లాపెట్టెలో పసుపు రాసి దాచుకుంటారు, అది ఉంటే లక్ష్మి నిలుస్తుందని. మా కాంట్రాక్టరు పర్సులో అలాంటి బిళ్ళ ఒకటి ఉంది, నాకు చూపించాడు కూడా, చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి. ఆ చెయ్యి దీవెనకి పనికొస్తుంది, ఆ చెయ్యి ఒలిచిన రొయ్య మాత్రం పనికి రాదు. ఆవిణ్ణి తీసేశాక టీ కొట్టు దగ్గర నాతో "అయినా ఆళ్ళకి పెన్షనొత్తాది కదండీ" అన్నాడు. వస్తుంది, మన రాష్ట్రంలో 2024 జులై నుంచి ట్రాన్స్‌జెండర్లకి నెలకి 4,000. మంచిదే, ఎవరూ వద్దనరు. కానీ వితంతువుకీ పెన్షన్ వస్తుంది, అలాగని ఆ బస్సులో వితంతువులు లేరా, సగం మంది వాళ్ళే. వాళ్ళని పెన్షన్ ఉంది కదా పోండి అని ఎవడైనా అన్నాడా.

ఇంకో మాట బాగా వినపడుతుంది, వాళ్ళకి పని చెయ్యడం ఇష్టం ఉండదు, రైల్లో చెయ్యి చాపితే ఇంతకన్నా ఎక్కువొస్తుంది అని. ఎక్కువే వస్తుందేమో, నేను లెక్కపెట్టలేదు. అలాంటప్పుడు తెల్లారి 4కి లేచి, ఐసులో చేతులు పెట్టి నిలబడటానికి ఒక మనిషి ఎందుకొచ్చిందో అది కూడా వాళ్ళే చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి "ఇతరులు" అన్న గడి పెడితే దేశంలో 4,87,803 మంది లెక్కకొచ్చారు, అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. లెక్కకి రానివాళ్ళు ఎందరో. ఇంతమందిలో ఒక్కరికీ పని చెయ్యాలని ఉండదంటే నమ్మే మాటేనా?

గడి అంటే గుర్తొచ్చింది. మన రాష్ట్రంలో 2018లో ఎస్సై పోస్టుల నోటిఫికేషన్ పడినప్పుడు అప్లికేషన్‌లో మగ, ఆడ రెండే గడులు. ట్రాన్స్‌జెండర్ అయిన గంగాభవాని గారు ఆడ అని పెట్టి అప్లై చేసి, తర్వాత హైకోర్టుకి వెళ్ళారు, 2022 జనవరిలో తీర్పు వచ్చింది గానీ ఆ ఉద్యోగం రాలేదు. తమిళనాడులో పృథికా యాషినిది కూడా ఇదే గొడవ, ఆవిడ మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి 2017లో ఎస్సై అయ్యారు. పక్కన కర్ణాటకలో 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో 1 శాతం రిజర్వేషన్ పెట్టారు. హైదరాబాద్‌లో 2024 డిసెంబరులో ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు, సిగ్నల్ దగ్గర అడుక్కుంటారని మనం అనుకునేవాళ్ళే సిగ్నల్ దగ్గర యూనిఫామ్‌లో నిలబడ్డారు. కుదరదు అనేదేం లేదు, గడి పెడితే కుదురుతుంది. నా ఎక్సెల్ షీట్‌లో మూడో గడి పెట్టడానికి నాకు అర నిమిషం పట్టేది, మూడున్నరేళ్ళలో పెట్టలేదు.

నాకు బాగా తెలిసిన గడి ఇంకోటి ఉంది. పీఎఫ్ పోర్టల్. మనిషి వెళ్ళిపోతే యజమాని అందులో ఎగ్జిట్ డేట్ వెయ్యాలి, కారణం సెలెక్ట్ చెయ్యాలి. ఏమేం కారణాలుంటాయో తెలుసా? రిటైర్మెంటు, మరణం, శాశ్వత వైకల్యం, ఇలాంటివి కొన్ని, మిగతా అందరికీ కలిపి సెసేషన్ అని ఒకటి. సెసేషన్ అంటే ఆగిపోవడం. ఎవరు ఆపారో ఉండదు. ప్రభుత్వం వారి ఫారమ్ కూడా నా రిజిస్టర్ లాగే మానేసింది అంటుంది! ఆవిడకి పీఎఫ్ దాకా రానే లేదనుకోండి, 11 రోజులకి ఎవడు కడతాడు. కార్మిక చట్టంలో రిట్రెంచ్‌మెంట్ నోటీసు, అంటే పనిలోంచి తీసేసే ముందు ఇచ్చే నోటీసు, పరిహారం అవీ కావాలంటే ఏడాదిలో 240 రోజులు పనిచేసుండాలి. అంటే కొత్తగా చేరినవాళ్ళకి, రోజుకూలీలకి, కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్ళకి కారణం చెప్పాల్సిన అవసరమే ఎవరికీ లేదు. ట్రాన్స్‌జెండర్లని తీసేసేది ఎప్పుడు? మొదటి నెలలోనే. గొంతు వినపడ్డ రోజు, ఆధార్ జిరాక్స్ చేతికొచ్చిన రోజు. చట్టం కాపాడ్డం మొదలెట్టేది 240వ రోజు తర్వాత, వీళ్ళు పోయేది పదకొండో రోజు.

అందుకే నేననేది, సెక్షన్ 9కి పక్కన ఒక్క వాక్యం కావాలి. ఎవర్నైనా పనిలోంచి పంపించేస్తే, ఒక్క రోజు చేసినా సరే, కారణం రాసి సంతకం పెట్టి కాగితం చేతికివ్వాలి. కాగితం ఇవ్వకపోతే వివక్షతోనే తీసేశారని అనుకుంటాం, కాదని యజమానే నిరూపించుకోవాలి. కొత్త కోడ్ ప్రకారం పనిలో చేరేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తప్పనిసరి చేశారు కదా, వచ్చేటప్పుడు కాగితం ఇవ్వగలిగినవాడు పోయేటప్పుడు ఇవ్వలేడా? అబద్ధం రాస్తారు అంటారు. రాయనివ్వండి. "పని సరిగ్గా చెయ్యలేదు" అని రాస్తే నా దగ్గర కాటా చీటీలు ఉన్నాయి. అబద్ధం కాగితం మీదకి వస్తే పట్టుకోవచ్చు, ఫోన్లో చెప్పిన మాటని ఎక్కడ పట్టుకుంటాం. నా లాంటి గుమాస్తాకి కూడా "కారణం ఏం రాయమంటారు సార్" అని అడగడానికి ఒక వంక దొరుకుతుంది. ఆ ప్రశ్న ఎవడో ఒకడు అడగాల్సి వస్తే చాలా ఫోన్లు అసలు రావు అని నా నమ్మకం.

2025 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది, జేన్ కౌశిక్ అనే ట్రాన్స్‌జెండర్ టీచర్ కేసులో, యూపీలో ఒక స్కూలు గుజరాత్‌లో ఒక స్కూలు, ఉద్యోగాల విషయంలో ఆవిడకి జరిగిన దాని మీద. జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్. ప్రభుత్వాలు ఏమీ చెయ్యకుండా కూర్చోవడం కూడా వివక్షే అన్నారు. నష్టపరిహారం ఇప్పించారు, మాజీ జడ్జి ఆశా మీనన్ గారి అధ్యక్షతన కమిటీ వేశారు, ఉద్యోగాల్లో సమాన అవకాశాల పాలసీ తయారుచెయ్యమని. ప్రతి సంస్థలో కంప్లయింట్ ఆఫీసర్ ఉండేలా చూడమన్నారు. ఆ వార్త చదివిన రోజు రాత్రి నాకు ఆ మడతపెట్టిన ఏప్రాన్ గుర్తొచ్చింది.

అప్పటికి నేను ఆ ప్లాంట్ వదిలేసి తణుకు వైపు వేరేచోట చేరాను, ఇదీ పేరు చెప్పను, ఇక్కడా కాంట్రాక్టరు బస్సులే. ఇక్కడ హెచ్ఆర్ సార్ దగ్గరకి వెళ్ళి మన కంప్లయింట్ ఆఫీసర్ ఎవరండి అన్నాను. ఏ కంప్లయింట్ అన్నారు. చట్టం ప్రింటవుట్ ఇచ్చాను, రెండు పేజీలు తిప్పి, "ఎవరో ఒకరు ఉండాలంతేగా, నీ పేరే పెట్టేసుకో" అన్నారు. ఆయన విసుక్కుంటూ అన్నారో నిజంగా అన్నారో నేను పట్టించుకోలేదు, మర్నాడే తెలుగులో ప్రింటు తీసి, పెద్దక్షరాలతో, నా ఫోన్ నెంబరుతో గేటు దగ్గరా, చేతులు కడుక్కునే చోటా, ఆడవాళ్ళు చెప్పులు విడిచే చోటా అంటించాను. లామినేషన్ చేయించలేదు. ఎక్సెల్‌లో మూడో గడి కూడా పెట్టాను. దానికి ఎదురుగా ఇప్పటిదాకా ఒక్క పేరూ లేదు, బోర్డు పెట్టగానే వచ్చేస్తారనుకోవడం నా పిచ్చి.

రెండు నెలలకి మొదటి ఫోన్ వచ్చింది. ట్రాన్స్‌జెండర్ కాదు, దువ్వ వైపు నుంచి వచ్చే ఒకావిడ, మొగుడు పోయాడు, ఇద్దరు పిల్లలు. "ఏవండీ, గోడ మీద రాశారు కదండీ, మాక్కూడా అదేనాండి, లేపోతే ఆళ్ళకేనాండి?" అంది. ఆ చట్టం ప్రకారం అయితే వాళ్ళకే. ఆ మాట నోటిదాకా వచ్చింది గానీ పెన్ను తీసుకుని కాగితం ముందు పెట్టుకున్నాను.

"చెప్పండమ్మా, మిమ్మల్ని ఏ రోజు మాన్పించారు?"

"మాన్పించలేదండి బాబూ. రేపట్నించి బస్సెక్కొద్దన్నారండి, అంతేనండి."